పన్నెండో చువ్వ

గుణుపురం బళ్ళో కిటికీలు కొలవడానికెళ్ళి
టేపు సంచీలోంచి తియ్యనేలేదు.
చువ్వకీ చువ్వకీ మధ్య బెత్తెడు:
చెయ్యి పడతాది, తల పట్టదు.
ఆ లెక్క నా వేళ్ళకొచ్చు.
పద్నాలుగు నెలలు జైలు షెడ్డులో ఇవే అతికేను,
అద్దాల్లేక, రాత్రిళ్ళు కళ్ళలో ఇసక పోసినట్టుండేది.
పంపుసెట్టు కేసులో నా మీద సాక్ష్యం చెప్పినోడు
ఆ పొద్దు ఊళ్ళోనే లేడు.
అది ఊరందరికీ తెలుసు. కోర్టుకి తెలీదు.

బయటికొచ్చిన నాడు గేటు కాడే పాణిగ్రాహి బాబు
"పనొచ్చు కదా, మా దగ్గరే ఉండు" అన్నాడు.
అదే కంపెనీ, తాళంచెవి బొమ్మ కంపెనీ.
మొన్నటిదాకా దాని గంజి తాగేను,
ఇప్పుడు దాని జీతం తింటన్నాను.

బడిని దత్తత తీసుకుందట.
దత్తతంటే నాకు తెలిసింది
పిల్లల్లేనోళ్ళు చేసే పని.

లారీలోంచి బెంచీలు దింపేరు.
ఎవరూ చూడకుండా ఒకదాని అడుగున తడిమేను.
మా బ్యారక్కు నీలాంబర్ వడ్రంగి
ప్రతి పలక కిందా ఉలితో చేప గీసేవాడు.
చేప ఉంది.
అంటే వాడింకా లోపలే ఉన్నాడు.

దమయంతి టీచరు రిటైరై నాలుగేళ్ళు,
తెలుగు చెప్పడానికి ఇంకెవరూ రాలేదు.
ఆ గదిలో ఇప్పుడు గార్డు పడుకుంటాడు,
గోడ మీద అ ఆ ఇ ఈ అలాగే ఉన్నాయి,
ఋ మీద వాడి చొక్కా.

రైలుపట్టా ముక్క విప్పేసి సైరను పెట్టేరు.
అది కూయగానే
నా కాళ్ళు వాటంతటవే లైన్లోకెళ్ళి నిలబడ్డాయి,
రెండో తరగతి వెనకాల.

ఆఫీసులో రిజిస్టరు:
పేరు, తండ్రి పేరు, కులం, పుట్టుమచ్చలు రెండు.
నాయీ అలాగే రాసుకున్నారు అక్కడ.
మూడోది ఉందన్నా వినలేదు.
పక్కన ఇంకో కాయితం:
బడి ఎగ్గొట్టినోళ్ళు, కొట్టుకున్నోళ్ళు,
అయ్య జైల్లో ఉన్నోళ్ళు.
దాని కింద కొత్త బ్యారక్కు ప్లాను,
మంచాలెన్నో పెన్సిలుతో రాసుంది.
ఆ కాయితానికీ ఈ కాయితానికీ ఏ సంబంధమూ లేదు.
పేపరువెయిటు ఒక్కటే, అంతే.

సుకాంతి గమాంగ్ అని నాలుగో తరగతి గుంట
నిప్పురవ్వలు చూస్తా నిలబడింది.
"ఏటొస్తాదని ఈ ఊచలు?"
"ఎలుగులొస్తాయి."
"ఎలుగు తలుపులోంచే వస్తాది కదా!" అంది
నేనేదో చదువులేనోణ్ణయినట్టు.

సాయంత్రం బాబు ఫోను చేసేడు:
"పిల్లల తలలు చిన్నవి, సందు తగ్గించు,
ఎవరిదైనా ఓ తల కొలిచి చూడు."
సుకాంతి నెత్తి మీద చెయ్యేసేను,
కొలవడానికే.
అరచేతికి ఆముదం అంటుకుంది.
మూరలూ బెత్తెళ్ళూ అన్నీ మర్చిపోయేను.

వంశధార వేపు కిటికీకి
పన్నెండు చువ్వలని బిల్లు రాసేను,
పదకొండు అతికేను.
బల్ల నీడ పడే మూల,
ఒక తలా, తల వెనకే ఒక భుజమూ పట్టేంత.
దొరికితే "ఇనుం మింగేసేవా" అంటాడు బాబు.
అననీ.
చెయ్యని దొంగతనానికి పద్నాలుగు నెలలు
ముందే కట్టేసేను కదా.

మిగిలిన చువ్వ ఇంటికి తెచ్చేను.
"కోళ్ళగూటికి అడ్డం పెడదాం" అంది మా ఆవిడ.
వద్దన్నాను.
"నక్కలొస్తాయి మావా" అంది.
వస్తాయి. అదీ నిజమే.
తెల్లారేదాకా
గూటి ముందు
నేనే కూచున్నాను.