గొళ్లెం

జానీమియా డిష్షు పెట్టిన కొత్తల్ల
నైట్ డ్యూటీ దిగినంక వాని కేబుల్ రూముల
వైర్ల చుట్ట మీద కూసోని చూసెటోన్ని
లండన్ ఠాణా సీరియల్.
ఇంగ్లీషు నాకు సెక్షన్ల నంబర్లకాడికే వచ్చు.
అయినా ఒక్క ముక్క తప్పిపోలే.
బెంచీ మీద కూసున్నోడు ఫిర్యాదీనా ముద్దాయా
మోకాళ్లు చెప్తయి.
అక్కడి హెడ్డు టోపీ తీసి నెత్తి గోక్కుంటే
పైనోడు తిట్టిండని నాకెరుకే.

ఆ దినాలల్ల అది అరగంటే.
ఒక సైకిల్ పోయేది.
ఒక పిల్లి పక్కింటి గోడ దాటేది.
తాగుబోతొకడు లాకప్పుల పాటెత్తుకునేటోడు.
వాన, ఎప్పుడు చూసినా వానే,
తడిసిన కోట్లు మేకులకు తగిలిచ్చి చాయ్ తాగేటోళ్లు.
హోంగార్డు సైదులును లేపి చూపెట్టిన:
"సూడు, వాళ్ల చేతులకూ కార్బన్ కాయితం నల్లగనే అంటుతది."

మా దేవరకొండ ఠాణాకు ఈదమ్మ వచ్చేది, ప్రతి మంగళారం,
కొండమల్లేపల్లి అంగట్ల తప్పిపోయిన మేక కోసం.
మొదటి ఏడు అది నల్లమేక.
మూడో ఏటికి నొసట తెల్లమచ్చ వచ్చింది.
ఐదో ఏటికి ఈనింది, రెండు పిల్లలు.
కేసు కట్టలే. వట్టి కాయితం మీద రాసెటోన్ని.
ఆమె ముందర పెన్ను నడవాలె, అంతే.
లండన్‌ల కూడ ఒకామె ఉండె,
గొడుగు కోసం.

ఎవనికి తోచిందో మరి,
ఒక ఏడు అరగంట గంటయింది.
ఎస్సైకీ డాక్టరమ్మకూ మనసు కలిపిన్రు.
ఇంకో ఏడు ఠాణాకు నిప్పు పెట్టిన్రు,
ఒక్క మంటల ఆరుగురు జవాన్లు!
పంచనామాకు మనిషి మిగల్లే.
మళ్ల వారం కొత్త మొఖాలు, ఇస్త్రీ మడత విరగని అంగీలు.
రెండేండ్లకు మళ్ల నిప్పు.
"గోడలు గడ్డితోని కట్టిన్రా సాబ్" అని నవ్విండు జానీమియా.
నేను నవ్వలే.
గొడుగు ముసలమ్మ ఏమైందని చూస్తున్న.
బెంచీ తీసేసిన్రు. ఆ జాగల అద్దాల గది.

తర్వాత టైము మార్చిన్రు. వారానికి ఒక్కటే చేసిన్రు.
మొదట్ల వచ్చే సంగీతం తీసేసిన్రు.
కెమెరా జరమొచ్చినోని చేతికిచ్చినట్టు వణికేది.
నేనూ కొన్ని వారాలు పోలే.
ఎలక్షన్ బందోబస్తు అని చెప్పుకున్న గని
ఎలక్షన్లు అయిపోయినంక కూడ పోలే.
చూసెటోళ్లు తగ్గిన్రంట, అందుకే బందంట.
ఆ తగ్గిన లెక్కల నేనొకణ్ణి.
ఈ సంగతి ఏ రిజిస్టర్‌ల ఎక్కియ్యాలె?

ఆఖరు దినం జానీమియా మనిషిని తోలిండు.
పోయిన. పక్కన సైదులు లేడు,
డిండి రోడ్డు మీద లారీ గుద్ది రెండేండ్లు.
ఎస్సై నిలవడి ఏదో పెద్ద మాట మాట్లాడిండు.
మొదటిసారి నాకు సమజు కాలే.
అందరు లోపలికి పోయిన్రు. పేర్లు పైకి పోయినయి.
ఛార్జి ఎవరికి అప్పజెప్పిన్రో చూపియ్యలే.
రోజునామా ఎవరు మూసిన్రు?
లాకప్పుల తాగుబోతు ఉన్నడా? ఉంటే వానికి బువ్వ?

తెల్లారగట్ల నడుసుకుంట మా ఠాణాకొచ్చిన.
ఇరవై తొమ్మిదేండ్ల సర్వీసుల దీని తలుపు మూసింది చూడలే.
గొళ్లెం ఉందా అని తడిమిన.
ఉంది, రంగు కింద, సున్నం కింద.
తిప్పబోతే తిరగలే.

మంగళారం.
ఈదమ్మ అప్పటికే బెంచీ మీదున్నది
ఫ్లోరైడు మోకాళ్లు బారజాపుకోని.
మేక ఏ రంగని అడిగిన.
"మొన్న చెప్పిన గదయ్యా" అన్నది.
కాయితం తీసిన.