పదిహేడో మనవి

శుక్రవారం నాకు ఒంటిగంట నుంచి ఏడు దాకా సెలవు.
ఏడు దాటితే మామా గేటు దగ్గర
గోడ గడియారంలా నిలబడుతుంది.
ఆ ఆరు గంటల్లో ఆరాధనకి రెండు, దారికి రెండు.
మిగిలినవి సులైబియా అవతల రేకుల క్యాంపువి.

వ్యాను ఏసుపాదం గారిది.
వారమంతా బేకరీకి ఖుబ్బూస్ మోస్తుంది,
శుక్రవారం మమ్మల్ని మోస్తుంది.
రొట్టెల వాసన మీద పదకొండు మందిమి,
గిన్నెలు తోమేవాళ్లం, పరాయి పిల్లలకి తల దువ్వేవాళ్లం,
ఒక దర్జీ, ఒక నర్సమ్మ,
బియ్యం బస్తాల మధ్య మోకాళ్లు ముడుచుకుని
ఆపదలో ఉన్నవాళ్లని ఆదుకోవడానికి వెళ్తాం.
నవ్వొస్తోందా?
నాకూ వస్తుందండి ఒక్కోసారి.

ఏడు నెలలుగా జీతాల్లేవు అక్కడ.
కంపెనీ బోర్డు మీద రంగు కూడా పని మానేసింది.
కరెంటు రోజుకి నాలుగు గంటలు;
తతిమ్మా పొద్దంతా కిటికీలకి తడి లుంగీలు,
ఆరడమే వాటికి పని.

మనిషికి ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు,
నూనె ప్యాకెట్టు, చింతపండు, రెండు సబ్బులు.
దయామణి పేర్లు రాస్తుంది:
పోశెట్టి, జగిత్యాల.
షాదుల్, కోరుట్ల.
లింబాద్రి, ఆర్మూరు పక్క ఏదో ఊరు.
ఫోటోలు తియ్యడం నా వంతు.
దాతలకి పంపాలి కదా,
ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ రెండూ పడాలి.

చివర్లో ఏసుపాదం గారు నోటుబుక్కు తెరిచారు.
"ప్రార్థన మనవులు చెప్పండి బాబూ,
ఎవరు ఏ దేవుణ్ణి మొక్కినా ఇబ్బంది లేదు."
పాస్‌పోర్టు, అన్నారు. కిడ్నీలో రాయి, అన్నారు.
బిడ్డ నర్సింగు పరీక్ష రాస్తున్నది, అన్నాడొకతను.
ఇంకొకాయన గొంతు తగ్గించి,
"మా ఫోర్‌మన్ బషీర్ సాబ్‌కు గూడ పైసలు రాలె.
రాత్రిపూట ఏడుస్తడు. ఆయన పేరు గూడ రాయుండ్రి."
పదహారు అయ్యాయి.

పదిహేడోవాడు లింబాద్రి.
మేస్త్రీ. గోళ్ల సందుల్లో ఏ సబ్బుకీ లొంగని సిమెంటు.
"సారూ, నాకొక దినం గావాలె.
ఎవ్వలు నాకేం ఇయ్యని దినం.
నా పైసలతోని చాయ్‌పత్త కొని
గీ అక్కకు ఒక కప్పు పొయ్యాలె.
గంతే. రాస్తరా?"

కలం ఆగిపోయింది.
ముప్ఫై ఏళ్ల పరిచర్య ఆయనది,
ఏ జబ్బుకైనా ఏ వీసాకైనా మాటలు సిద్ధంగా ఉంటాయి.
దీనికి వెతుక్కున్నారు.

నా ఫోనులో అప్పటికే
లింబాద్రి చెయ్యి, బియ్యం సంచి, సగం మొహం.

కిందటి రంజానుకి మామా తన పాత నైటీ ఇచ్చింది.
చెడ్డది కాదు, పాపం.
ఇచ్చి వెళ్లిపోలేదు, అంతే.
నా మొహంలోకి సంతోషం వచ్చేదాకా నిలబడింది.
తెచ్చుకున్నాను.
తెచ్చుకోవడం నాకు వచ్చు.

ఫోను సంచిలో పడేశాను.
ఆ వారం దాతలకి వెళ్లినవాటిలో బస్తాలే ఉన్నాయి.
మనుషులేరీ, అంది దయామణి.
వెలుతురు చాల్లేదన్నాను.
ఆగస్టు నెల, మూడున్నర,
కువైట్‌లో!

పదిహేడు ఎదురుగా ఏసుపాదం గారు
"చాయ్" అని రాసి కింద గీత గీశారు.
ప్రార్థనలో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి
ఆమేన్ ఎవరిదో కాస్త ముందే వచ్చేసింది.
నాదేనేమో.

నవంబరులో వాళ్లని ఎక్కడికో మార్చారు.
ఎక్కడికని వాచ్‌మన్‌ని అడిగితే
చెయ్యి ఊపాడు, ఎడారంతా పట్టేలా.

ఇప్పటికీ శుక్రవారం వంటింట్లోంచి బయల్దేరుతుంటే
మామా అడుగుతుంది, టీ తాగి వెళ్లవా అని.
పొయ్యి మీద మరుగుతూనే ఉంటుంది, ఏలకుల వాసన.
వచ్చాక తాగుతానంటాను.