రెండు మాత్రలు

మంగళవారం పొద్దున్నే పెదజాలరిపేటలో దిగుతాను.
సంచిలో ఎర్ర బిళ్ళలు, పసుపువి కొన్ని,
రిజిస్టరు, బీపీ మిషను,
రెండు ఊచలు విరిగిన గొడుగు.
ఇసకలో ఆరేసిన నెత్తళ్ళ మీద కాకులు,
కాకుల మీద కాసులమ్మ కేకలు.
"ఆ బిళ్ళ మింగితే బిడ్డ నల్లగా పుడతాదంట కదమ్మా?"
పదహారేళ్ళుగా ఇదే ప్రశ్న.
నల్లబడేది బిడ్డ కాదత్తా, దొడ్డికి పోయినప్పటి రంగు, అంటాను.
నవ్వుతారు. నమ్మరు.

ఖాళీ అట్టలు లెక్కపెడతాను.
అట్ట ఖాళీ అయితే మింగినట్టు కాదు.
ఒకసారి వాన వెలిసాక
పోలేశ్వరి వాళ్ళ గోడ వెనక ఇసక
ఎర్రగా కరిగి ఉంది.
ఏమీ అనలేదు నేను.
"కడుపులో తిప్పుతాది," అంది తనే, గోరు గిల్లుకుంటూ.
రాత్రి అన్నం తిన్నాక వేసుకో,
నిమ్మకాయ నీళ్ళు తాగు,
టీతో మాత్రం వద్దు.

పసుపువి దాని తోడికోడలికి.
మొన్ననే పెళ్ళయింది. కడుపే లేదు, బిళ్ళెందుకేటి?
నెల తప్పిందని తెలిసేసరికి
లోపల వెన్ను కుట్టుపని చాలావరకు అయిపోతుందని
ఎలా చెప్పను?
అరుగు మీద వల బాగుచేస్తున్న మామగారి చేతిలో చూపించాను.
ఇదిగో, ఈ కన్ను ఈ వేళ మూయకపోతే
రేపెంత దారమున్నా ఏం లాభం?
ఆయనొక్కడే తలూపాడు.

అప్పుడడిగింది పోలేశ్వరి:
"మీరన్నీ మింగీసినారు కదా, మేడమ్?"

మింగాను.
పెళ్ళయిన నెల నుంచే, ఒక్క పూట వదలకుండా.
డి, బి పన్నెండు, కాల్షియం,
జీతంలోంచి కొనుక్కుని చేపనూనె కూడా.
మా ముకుంద్‌కి ఏడేళ్ళు.
మర్రిపాలెం మేడ మీంచి
గూడ్సు పెట్టెలు వేళ్ళతో లెక్కపెడతాడు.
నోటితో కాదు.
కేజీహెచ్ వరండాలో, ఆడపడుచు చూపులో, నా నిద్రలో
ఏ పూట మర్చిపోయావు, ఏ పూట?

డాక్టరమ్మ ఒక్కతే కళ్ళలోకి చూసి చెప్పింది.
"ముప్పు తగ్గిస్తాయేమో అంటున్నారు.
పూర్తిగా ఆపుతాయని ఎవరూ అనలేదు.
మీవాడికెందుకిలా అంటే, మాకు తెలీదమ్మా."
ఆ 'తెలీదు'ని కొంగున కట్టుకుని
జగదాంబ దాకా నడిచాను,
ఆటో ఉంటుందన్న సంగతే తోచక.

మా నాన్న తెలుగు మాస్టారు.
హ్రస్వానికొక మాత్ర, దీర్ఘానికి రెండు,
చిటికె వేసి నేర్పేవాడు.
ఆయన కూతురు ఇంటింటికీ మాత్రలు పంచి
ఇంటికెళ్ళి మాటల కోసం చెవొగ్గుతుంది.
పోయిన శ్రావణంలో, గూడ్సు మలుపు తిరిగాక,
ముకుంద్ "పో" అన్నాడు.
'యింది' లోపలే ఉండిపోయింది.
నా చెయ్యి దానంతటదే
రెండు చిటికెలు వేసింది.

ఇదంతా పోలేశ్వరికి చెప్పలేదు.
మింగాను, అన్నాను. మళ్ళీ అయినా మింగుతాను.
బిళ్ళ మాటివ్వదే. గొడుగు మాత్రం ఇస్తుందా,
తడవనివ్వనని?
అది నా గొడుగు వైపు చూసి ఫక్కున నవ్వి
అట్ట చింపి ఒకటి నోట్లో వేసుకుంది,
మొహం చిట్లించి,
చేతిలో టీ గ్లాసుతోనే.

గ్లాసు లాక్కుని నీళ్ళిచ్చాను.
రిజిస్టరులో టిక్కు పెట్టాను.
పక్క గడిలో బిడ్డ పుట్టిన తేదీ రాయాలి. ఖాళీ.
ఇసక కాలుతోంది.
ఇంకా పదకొండిళ్ళున్నాయి.