రెండు వేళ్ళ సందు

పాత అంబులెన్సు. తుక్కు రేటుకి కొన్నాం.
ఎర్ర శిలువ మీద నీలం రంగు రెండు పూతలు పూసినా
ఎండ పడితే లోపల్నుంచి తేలుతుంది,
సంతల్లో ముసలోళ్ళు కంగారుగా దారి ఇస్తారు.

అల్లం, పసుపు, పిప్పళ్ళు.
ఒక సంతకీ ఇంకో సంతకీ మధ్య రాత్రులన్నీ
శృంగవరపుకోట దాటాక, ఘాటు రోడ్డు మొదలయ్యే చోట
ఈ డబ్బాలోనే మా కాపురం.

మార్గశిరంలో తెలిసొచ్చింది రేకు సంగతి.
తెల్లారగట్ల మూడింటికి
పైనుంచి చుక్క, చుక్క.
"వానేటే అసిరమ్మా?" అన్నాడు పోలినాయుడు.
వాన కాదు.
మా ఇద్దరి ఊపిరే పైకెళ్ళి, రేకుకి తగిలి, చల్లబడి
మళ్ళీ మా మీదే పడుతోంది.

పసుపంటిన పుస్తకంలో లెక్క రాశాం:
ఇంజను ఆడిస్తూ పడుకుంటే గంటకి ముప్పావు లీటరు డీజిలు.
అంటే పొద్దున్నకల్లా
అరబస్తా అల్లం మీద లాభం పొగగొట్టంలోంచి పోయినట్టే.
గ్యాసు పేరు రాసి, ఎదర ఏమీ రాయకుండా కొట్టేశాడు.

ఒక రాత్రి చింతబొగ్గుల కుంపటి లోపల పెట్టుకున్నాం,
తలుపులు బిగించి, సందుల్లో గుడ్డలు కుక్కి.
ఎంత హాయో.
కాసేపటికి నెత్తి మీద ఎవరో రోకలి ఆనించినట్టు,
లేవబోతే కాళ్ళు నావి కావు.
ఆయన నిద్రలో నవ్వుతున్నాడు.
ఎందుకో ఆ నవ్వు నాకు నచ్చలేదు.
తలుపు తన్నాను.
చలి లోపలికొచ్చి ఇద్దరి చెంపలూ వాయించింది.
కక్కుకుంటూ రోడ్డు పక్కన కూర్చున్నాం వెలుగొచ్చేదాకా.

"బొగ్గుకి కళ్ళు నేవమ్మా, గాలంతా తాగేస్తాది.
పోయినేడు ఓ లారీ క్లీనరు..."
టీకొట్టు ఎల్లారావు మిగతాది చెప్పకుండా
కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాడు.

ఆ వారమే నెల్లిమర్ల వెళ్ళొచ్చాడు మా ఆయన.
మిల్లు మూసినప్పుడు జీతం బకాయి కింద చేతిలో పెట్టిన
గోనెసంచులు, నలభై, అటక మీంచి దించుకొచ్చాడు.
పద్నాలుగేళ్ళు మగ్గం ముందు నిలబడ్డ మనిషి,
కళ్ళు మూసుకుని వేళ్ళతో చదివేస్తాడు గోనెని.
"ఇది బి-ట్విల్లు. ఇది రాత్రి షిఫ్టు,
పడుగులో పోగు తెగిపోనాది, సూడు."
కాసేపాగి, "ఇది నాదే."

చేపల బజారులో పారేసిన థర్మాకోలు మూతలు
కుంకుడుకాయతో కడిగి రేకుకి అంటించాం.
వాటి మీద గోనె రెండు వరుసలు.
కింద కొబ్బరి పీచు, దాని మీద తాటాకు చాప.
వెనకద్దానికి ఎన్నికల ఫ్లెక్సీ కట్టాం.
అందులో దండం పెడుతున్నాయన ఓడిపోయాడు కానీ
గాలిని మాత్రం ఆపాడు.

వంట బయటే.
పొయ్యికి పెట్టిన ఇటుకలు రెండూ, మంట ఆరాక,
గోనెలో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుంటాం.
ఖర్చు: ఎలాగూ వండుకునే అన్నం.

పై కిటికీ మాత్రం మూయనివ్వడు.
పడుకునే ముందు చూపుడు వేలు, నడిమి వేలు జత చేసి
సందులో పెట్టి కొలుస్తాడు రోజూ,
తాళం పడిందో లేదో చూసుకునే మనిషిలా.
"మూసేస్తే ఎచ్చగానే ఉంతాది. మనవే ఉండం."

ఇప్పుడు చుక్క పడటం లేదు.
కానీ వేడి తగిలిన రాత్రులు గోడల్లోంచి వాసన లేస్తుంది,
గోగునార, మిల్లు నూనె, ఎవరిదో బీడీ.
ఐదున్నరకి దిగ్గున లేచి కూర్చుంటాడు.
"కూత ఇనబడ్డాదే."
కొండెక్కుతున్న గూడ్సు బండి అది, పడుకో, అంటాను.
చొక్కా గుండీలు సగం పెట్టేసుకుని ఉంటాడు.

ఆ సందులోంచి వేళ్ళు బయటకి పెట్టి
కాసేపు అలాగే ఉంచుతాడు.
"మంచు దట్టంగా ఉంది. సంత ఇయ్యాల నేటు."
తడి వేళ్ళు నా దుప్పటికే తుడుచుకుని
మళ్ళీ ఒరుగుతాడు.
కాళ్ళతో వెతుకుతాం.
ఇటుక ఇంకా గోరువెచ్చగానే ఉంది.