ఏడు గంటల వోల్టేజీ

దాన్ని మేం బర్రె అనేవాళ్ళం.
ఎనిమిది స్పీకర్ల పెట్టె, నెత్తిన ట్యూబుల హెడ్డు,
కలిపి తూస్తే తొంభై కిలోల పైమాటే.
పద్మారావునగర్‌లో మూడో అంతస్తుకి మారిన రోజు
లిఫ్టులో పట్టక, మెట్ల మలుపులో
రెండు గంటలు ఇరుక్కుంది.
రిటైర్డు తహసీల్దారు గారు పాల ప్యాకెట్టు పట్టుకుని
పైకి పోయే దారిలేక కిందే నిలబడి
"ఇది ఇంట్లోకా బాబూ, మా ప్రాణానికా" అన్నారు.
ఆ వారమే అమ్మేశాను.

ఇప్పుడు నా దగ్గరున్నది ఒక డబ్బా.
టిఫిన్ క్యారియరంత కూడా ఉండదు.
కడుపులో నూటనలభై యాంప్లున్నాయట,
ఒక్కటీ వేడెక్కదు.
ఆర్నెల్లు దాని చెవులు మెలిపెట్టాను.
బేస్ మూడు, మిడ్ ఆరున్నర, ట్రెబుల్ అసలొద్దు,
లేని మైకుని లేని స్పీకరు అంచు నుంచి
రెండంగుళాలు ఇవతలికి జరిపాను.
తెర మీద అన్నీ సరే.
తీగ మీటితే మాత్రం
పెళ్ళిచూపులకొచ్చిన మనిషిలా పలికింది,
మర్యాదగా, మోకాళ్ళు దగ్గర పెట్టుకుని.

మా డ్రమ్మరు యిర్మీయా హెడ్‌ఫోన్ తీసి
"అన్నీ ఏసినవన్నా, ఉప్పు తప్ప" అన్నాడు.

ఈ డబ్బాకి ఇంకో విద్య ఉంది.
అసలు యాంపుని ఎదురుగా కూర్చోబెడితే
ప్రశ్నలడిగి, జవాబులు రాసుకుని,
దానిలా మాట్లాడ్డం నేర్చుకుంటుంది.

బర్రె వారాసిగూడలో ఉంది,
సత్తార్ భాయ్ టెంట్‌హౌసులో
మడత కుర్చీల గుట్టకీ డేగిసాల వరసకీ మధ్య.
పేరుకి పెళ్ళిళ్ళకి. ఎక్కువగా
జాతరల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు చదవడానికి.
జాలీ మీద అగరుబత్తి బూడిద.
ఎడమవైపు కింది స్పీకరు చిరుగుకి
ఒకప్పుడు నేను పూసిన మా ఆవిడ గోళ్ళరంగు
ఇంకా ఎర్రగానే ఉంది.

"ఏం జేస్తవ్ దీన్ని?"
"దీని గొంతు తీస్కపోత భాయ్."
"గొంతు నువ్వు తీస్కపోతే మాకేం మిగుల్తది?"
"జిరాక్స్ భాయ్, జిరాక్స్."
"అట్లనైతే తీస్కో. కరెంటుకు రెండొందలియ్యి."

డబ్బా కూత పెట్టింది.
సన్నగా మొదలై పాతాళానికి జారింది,
చేటలో ఇసక పోసినట్టు గరగరమంది,
కప్పలా, కుక్కర్‌లా, ఎవరో తలుపు తట్టినట్టు.
బర్రె ఓపిగ్గా బదులు చెబుతూ పోయింది.
సగంలో నీళ్ళ ట్యాంకరు రివర్స్ పాట ఎత్తుకుంది.
మళ్ళీ మొదటినుంచి.
సత్తార్ భాయ్ మనవరాలు డేగిసా మీద గరిటెతో కొట్టింది.
మళ్ళీ.
మూడోసారి కరెంటే పోయింది.

వచ్చేసరికి ఏడు.
గల్లీలో మోటార్లన్నీ ఒక్కసారే
ట్రాన్స్‌ఫార్మర్‌కి నోరు పెట్టాయి.
గోడమీది మీటరు నూటతొంభై రెండు దగ్గర కూలబడింది.
ట్యూబుల నారింజ రంగు కుంకుమలోకి దిగింది.
ఆ పూట బర్రె
అడిగినదానికి ఒక క్షణం ఆగి,
ఒళ్ళు విరుచుకుని, బరువుగా పలికింది.
డబ్బా అదంతా రాసుకుంది.

ఇంటికొచ్చి వాయిస్తే
యిర్మీయా ఏమీ అనలేదు.
ఇంకోసారి, అని సైగ చేశాడు.

ఒకటి రాలేదు, చెప్పాలి.
బర్రె ముందు నిలబడితే ప్యాంటు అంచులు ఊగేవి.
స్వరం ముందు పిక్కలకి తెలిసేది,
చెవులకి తర్వాత కబురందేది.
ఆ గాలి ఏ తీగలోంచీ రాదు.
అది టెంట్‌హౌసులోనే ఉంది,
ఏ బోనాల రాత్రో ఒక పిల్లాడి పేరు మోస్తూ.

కానీ అర్ధరాత్రి
కింద తహసీల్దారు గారు గురక పెడుతుంటే
హెడ్‌ఫోన్‌లో అన్నిటికన్నా లావు తీగ మీటుతాను.
మా ఇంట్లో కరెంటు నిండుగా రెండొందల ముప్ఫై.
అయినా స్వరం మొదట్లో
కొంచెం కుంగి, మెల్లగా లేస్తుంది.
వారాసిగూడలో మళ్ళీ ఏడవుతుంది.
ఎవరింటి మోటారో తిరుగుతూనే ఉంటుంది,
ఆ ట్యాంకు
ఇంక నిండదు.