నూట యాభై

బస్తీ దవాఖానల డాక్టరమ్మ
చీటీ మీద మందు రాయలే.
నూట యాభై అని రాసి, కింద గీత కొట్టింది.
వారానికి గిన్ని నిమిషాలంట.
నడుస్తుంటే మాట రావాలె, పాట రావద్దు,
గదే సరైన నడక అన్నది.

ఇరవై రెండేండ్లు కోర్టుల టైపిస్టును.
నడిచినయంటే నా పది వేళ్లే.

కింది పోర్షన్ ఫిర్దౌస్‌ను తోడు తీస్కొని
సఫిల్‌గూడ చెరువు కట్ట ఎక్కిన.
మొదటి వారం ఇద్దరికీ పాటలొచ్చినయి.
"గిట్లయితే కాదక్కా, జర తేజ్ నడువు" అని నవ్వింది.

తర్వాత్తర్వాత మాట
ఊపిరికి సరిపోయేంత చిన్నగైంది.
నల్లా నీళ్లు.
కందిపప్పు ధర.
మోకాలు, దానికి రాసే నూనె.

వారంల రెండు రోజులు బరువులు గూడ ఎత్తాల్నంట.
లిఫ్టు కాడ బియ్యం సంచి దింపిన పోరన్ని పంపించేసి
మూడో అంతస్తుకు నేనే మోసిన.
ముప్పై ఐదో మెట్టు కాడ కూసొని
డాక్టరమ్మను మంచిగ తిట్టుకున్న.

నిన్న నాలుగో చుట్టుల,
గుర్రపుడెక్క వాసన దాటుతుంటే, ఆమె అన్నది:
"నా తలాక్ కాయితం టైపు చేసింది నువ్వే అక్కా.
అడుగున నీ పేరు పొడి అక్షరాలుండె.
ఇల్లు మారొచ్చిన దినమే గుర్తుపట్టిన."

పదకొండేండ్లాయె ఆమె వచ్చి.
గోరింటాకు పంపింది, షీర్ ఖుర్మా పంపింది.

మాట రాలే నాకు.
కాళ్లు మాత్రం ఆగలే, ఆమెవి గూడ.
మాట రాని నిమిషాలు
ఏ లెక్కల రాసుకోవాల్నో
చీటీల లేదు.

గేటు కాడ చెమట తుడుచుకుంట
"ఇంకో చుట్టు?" అన్నది.