ఏ జిగురు

బ్యాలరాట్‌లో జూన్ అంటే వేళ్ళు కొరికే చలి.
మెర్విన్ వంటింటి బల్ల మీద
కుర్రతనంలో తను గంట కొట్టిన ట్రామ్,
అట్టముక్కల్లో,
పైకప్పు కోసం చూస్తోంది.

మొదట తెల్ల జిగురు ధారగా పోశాను.
కాగితం తాగింది, ఉబ్బింది,
కిటికీల వరసంతా అప్పడంలా లేచింది.
"నీళ్ళున్న జిగురుకి నీళ్ళ బుద్ధే," అన్నాడు
తిట్టకుండా.

ట్యూబులోది వంకర తేలేదు గానీ
తల దిమ్మెక్కి తలుపు తీస్తే
చలి వచ్చి మా మధ్య కూర్చుంది.
గ్లూస్టిక్ సాయంత్రం సరేనంది,
తెల్లారేసరికి మాట తప్పింది.
సూపర్ గ్లూ అట్టని వదిలేసి
నా రెండు వేళ్ళకి పెళ్ళి చేసింది.

తుమ్మబంక గురించి చెప్పాను.
సినిమా పోస్టర్లకి బకెట్లో కలిపే మైదా లై గురించీ.
"పురుగు పట్టదూ?"
పురుగుదాకా ఎందుకు,
ఆవులే తినేసేవి హీరోని.
దగ్గొచ్చేదాకా నవ్వాడు.

చివరికి మళ్ళీ ఆ తెల్లదే.
ఈసారి మూతలో ఒక్క చుక్క,
అగ్గిపుల్ల కొనతో అంచంతా సన్నగా గీసి
తడి మెరుపు తగ్గేదాకా ఊరుకుని
అప్పుడు ఆనించాలి.
అరవై లెక్కపెట్టాలి.

ఆయన చేతులు వణుకుతాయి,
అందుకని పట్టుకోవడం నాది, లెక్క ఆయనది.
నలభై ఏడు దగ్గర
కిటికీలోంచి ఏదో చూసి మరిచిపోయాడు.
మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకున్నాడు.

పైకప్పు ఎప్పుడో అతుక్కుంది.
నేను వేళ్ళు తియ్యలేదు.